సర్వేలో ఎంగేజ్‌మెంట్ తక్కువ, పనిలో మాత్రం ముందు: ఈ మనిషికి రేటింగ్ ఎలా ఇవ్వాలి?

మియాపూర్ టీమ్ లీడ్

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. అప్రైజల్స్ నడుస్తున్నాయి. నా టీమ్‌లో ఇద్దరి విషయంలో ఏమీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒక అబ్బాయి చాలా చురుకు. కంపెనీ అంతా కలిసే టౌన్ హాల్ మీటింగ్‌లో మొదటి ప్రశ్న అతనిదే. బతుకమ్మ సంబరాలైనా, క్రికెట్ టోర్నమెంటైనా అన్నీ తనే నెత్తిన వేసుకుంటాడు. కొత్తగా చేరినవాళ్లు ముందు స్నేహం చేసేది అతనితోనే. కోడ్ రాయడానికి కూర్చున్నా అంతే ఉత్సాహం. కానీ మొదలుపెట్టినవి సగంలో ఆగుతాయి. టెస్టింగ్ నుంచి వెనక్కి వచ్చే బగ్స్‌లో ఎక్కువ అతనివే.

ఒక అమ్మాయి ఉంది. మాట తక్కువ. ఫన్ ఫ్రైడేకి రాదు. ఆరింటికి లాగౌట్ అయి వెళ్లిపోతుంది. ఆమె చేసిన మాడ్యూల్‌ని మళ్లీ ఎవరూ ముట్టుకోవాల్సిన పని ఉండదు. ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోతే అందరూ ముందు ఫోన్ చేసేది ఆమెకే.

మా దగ్గర ఏటా ఎంగేజ్‌మెంట్ సర్వే (ఉద్యోగి పనిలో ఎంత మనసు పెడుతున్నాడో చూసేది) చేస్తారు, పేర్లతో సహా. ఈసారి ఒక పర్సనాలిటీ టెస్ట్ కూడా పెట్టారు. రెండూ కలిపి మేనేజర్లకు ఒక షీట్ పంపారు. అందులో అబ్బాయి పేరు పక్కన ‘హై పొటెన్షియల్’ అని, అమ్మాయి పేరు పక్కన ‘డిస్‌ఎంగేజ్డ్, ఇంట్రోవర్ట్’ అని ఉంది. రేటింగ్ ఆ షీట్‌కి దగ్గరగా ఉండాలని మా మేనేజర్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అయితే నా మనసొప్పకపోవడం ఒక కారణం కాదు కదా. ఎంగేజ్‌మెంట్‌కీ, వ్యక్తిత్వానికీ, పనితీరుకీ నిజంగా ఉన్న సంబంధం ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

కోడ్ రివ్యూ

బ్రో, ముందు ఒక మాట. సర్వే పేర్లతో తీసుకుంటే దాంట్లో నిజం ఎవరు రాస్తారు? మా పాత కంపెనీలో అందరూ అన్నిటికీ ఐదుకి ఐదు పెట్టేవాళ్లం. నిజాయితీగా మూడు పెట్టినవాళ్లను పిలిచి కౌన్సెలింగ్ చేసేవాళ్లు. మీ అమ్మాయి నిజం రాసిందేమో, అది కూడా ఆలోచించండి.

హెచ్ఆర్ డెస్క్ నుంచి

నేను పదేళ్లకు పైగా హెచ్ఆర్‌లో ఉన్నాను, కాబట్టి మా వైపు మాట కూడా చెప్పాలి. ఎంగేజ్‌మెంట్ ఉత్త హడావిడి అని కొట్టిపారేయకండి. 2002లో గాలప్ అనే అమెరికా సర్వే సంస్థ పరిశోధకులు 36 కంపెనీలకు చెందిన 7,939 యూనిట్ల లెక్కలు తీసి చూశారు. యూనిట్ అంటే ఒక బ్రాంచి, ఒక షాపు, ఒక డిపార్ట్‌మెంట్. ఎంగేజ్‌మెంట్ ఎక్కువున్న చోట కస్టమర్ల సంతృప్తి, ఉత్పాదకత, లాభం ఎక్కువ. ఉద్యోగం మానేసేవాళ్లు, ప్రమాదాలు తక్కువ. ఒక్కో కంపెనీలో విడిగా చూస్తే కాకతాళీయం అనుకోవచ్చు, ఇన్ని చోట్ల ఒకే దిశలో వచ్చాక అలా అనలేం. 2024లో ప్రపంచం మొత్తం మీద ఎంగేజ్డ్ ఉద్యోగులు 21 శాతమేనని అదే సంస్థ చెప్పింది, అంతకు ముందు ఏడాది 23. మేం దీని గురించి కంగారు పడటానికి కారణం ఉంది.

కానీ టీమ్ లీడ్ గారూ, మీ కంపెనీ చేసినది ఆ పరిశోధనను తలకిందులు చేయడమే. ఆ లెక్కలన్నీ యూనిట్ స్థాయివి. ‘ఈ బ్రాంచిలో వాతావరణం ఎలా ఉంది, మేనేజర్ ఎలా నడుపుతున్నారు’ అని తెలుసుకోవడానికి వాడేవి. ఒక మనిషి సర్వే మార్కు చూసి ఆ మనిషి పనికి రేటింగ్ వేయడానికి కాదు. ఆ సంస్థ అడిగే 12 ప్రశ్నల్లో మొదటిది, నా దగ్గర ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసా అని. రెండోది, పని సరిగ్గా చేయడానికి కావలసిన సామగ్రి, పరికరాలు నా దగ్గర ఉన్నాయా అని. వీటికి ఉద్యోగి ‘లేదు’ అంటే సరిదిద్దుకోవాల్సింది ఎవరు? ఆ ‘లేదు’ అన్నందుకు ఉద్యోగికే మార్కులు తగ్గిస్తారా?

సైకాలజీ మేష్టారు

హెచ్ఆర్ మేడమ్ చెప్పినది చాలా ముఖ్యం. నేను విశాఖలో సైకాలజీ చెబుతాను, ఈ అంశం నా క్లాసులో ఏటా వస్తుంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ షీట్‌లో రెండు వేరు వేరు సంగతులు కలిపేశారు. వ్యక్తిత్వం అంటే ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉండే స్వభావం. ఎంగేజ్‌మెంట్ ఒక స్థితి. అదే మనిషికి సోమవారం ఒకలా, గురువారం ఒకలా ఉండొచ్చు, ప్రాజెక్టు మారితే పూర్తిగా మారొచ్చు. ఈ ఆలోచనకు పునాది వేసిన విలియం కాన్ 1990లో ఒక వేసవి శిబిరంలో పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్లని, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులని దగ్గరగా గమనించి రాశాడు. మనిషి తనను తాను పనిలో పూర్తిగా పెట్టాలంటే మూడు ఉండాలన్నాడు. ఈ పనికి అర్థం ఉందనిపించాలి. మనసులో మాట చెబితే దెబ్బ తగలదన్న భరోసా ఉండాలి. పనిలో పెట్టడానికి ఒంట్లో, మనసులో శక్తి మిగిలుండాలి. ఫన్ ఫ్రైడేకి హాజరు కావడం ఆ మూడింట్లో లేదు.

తర్వాత విల్మార్ షాఫెలీ బృందం దాన్ని కొలవడానికి ప్రశ్నావళి తయారుచేసింది. వాళ్ల లెక్కలో ఎంగేజ్‌మెంట్ అంటే పనిలో చురుకుదనం, పని పట్ల అంకితభావం, చేస్తుంటే టైమ్ తెలియనంత లీనం కావడం. మూడోదాన్ని గమనించండి. ఒక మూల కూర్చుని తలెత్తకుండా డీబగ్ చేసే మనిషిలో అది నిండుగా ఉండొచ్చు, పక్కవాళ్లకు కనిపించదు. మీ అబ్బాయిలో కనిపించేది మొదటిది. అది అందరి కళ్లకూ కనిపిస్తుంది కాబట్టి అతనికి మార్కులు పడుతున్నాయి.

ఇక వ్యక్తిత్వం. ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల పద్ధతి: కొత్తదనం మీద ఆసక్తి, కాన్షియెన్షస్‌నెస్, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, త్వరగా టెన్షన్ పడే స్వభావం. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అప్పటికి వచ్చిన 117 అధ్యయనాలు కలిపి చూశారు, దాదాపు 24 వేల మంది ఉద్యోగుల సమాచారం అది. పోలీసులు, మేనేజర్లు, సేల్స్‌వాళ్లు, వృత్తి నిపుణులు, చేతిపని చేసేవాళ్లు, వాళ్లు చూసిన అన్ని వర్గాల్లోనూ పనితీరుతో సంబంధం కనిపించిన గుణం ఒక్కటే: కాన్షియెన్షస్‌నెస్. ఒప్పుకున్న పనిని క్రమంగా, బాధ్యతగా, చివరిదాకా చేయడం. కలుపుగోలుతనం మేనేజర్లకు, సేల్స్‌వాళ్లకు పనికొచ్చింది.

అయితే ఆ సంబంధం ఎంత? ఇంచుమించు 0.2 (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం). అంటే మనుషుల పనితీరులో కనిపించే తేడాల్లో సుమారు 4 శాతం మాత్రమే ఆ గుణంతో వివరించగలం. వేలమందిని ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు 4 శాతం కూడా ఉపయోగమే. కళ్ల ముందు ఏడాదిగా పనిచేస్తున్న మనిషికి రేటింగ్ ఇవ్వడానికి టెస్ట్ పేపర్ ఎందుకు? ఆమె ఏడాది పని మీ దగ్గరే ఉంది కదా.

ఇంకో సంగతి. మీవాళ్లు పెట్టింది మనుషుల్ని 16 రకాలుగా విడదీసి ‘ఇంట్రోవర్ట్’ లాంటి ముద్ర వేసే ఎంబీటీఐ టెస్ట్ అయితే, ఉద్యోగుల ఎంపికకు దాన్ని వాడొద్దని ఆ టెస్ట్ నడిపే సంస్థే చెబుతుంది.

ఉట్రెక్ట్ నుంచి

మేష్టారూ, మీరు చెప్పిన ప్రశ్నావళికి నేనుండే ఊరు, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పేరే పెట్టారు. మా ఆఫీసులో అదే వాడతారు. 17 ప్రశ్నలది, 9 ప్రశ్నలది రెండూ ఉన్నాయి. ‘ఎప్పుడూ లేదు’కి సున్నా, ‘ప్రతిరోజూ’కి ఆరు. ఇక్కడ ఆ ఫలితాలు పేర్లతో మేనేజర్ చేతికి ఇవ్వరు, ఇస్తే యూనియన్ ఊరుకోదు.

టీమ్ లీడ్ గారి ప్రశ్నకు సూటిగా తగిలే అధ్యయనం ఒకటి ఈ దేశంలోనే జరిగింది. రాటర్‌డామ్‌లో పనిచేసే ఆర్నాల్డ్ బాకర్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2012లో వేర్వేరు వృత్తుల్లోని 144 మందిని తీసుకున్నారు. పనితీరుకి మార్కులు ఎవరికి వాళ్లు వేసుకున్నవి కావు, వేరేవాళ్లు వేసినవి. ఎంగేజ్‌మెంట్ ఉన్నవాళ్లు తమ పని బాగా చేశారు, పక్కవాళ్లకు సాయపడ్డారు, కొత్తవి నేర్చుకున్నారు. ఇక్కడిదాకా హెచ్ఆర్ మేడమ్ మాటే నిజం. కానీ ఆ సంబంధం ముఖ్యంగా కాన్షియెన్షస్‌నెస్ ఎక్కువున్నవాళ్లలో గట్టిగా కనిపించింది. అది తక్కువున్నవాళ్లలో ఉత్సాహం అంతగా పనితీరుగా మారలేదు.

మీ అబ్బాయి కథ ఇదే అనిపిస్తోంది. అతని ఉత్సాహం నటన కాదు, నిజమే. ఆ ఉత్సాహాన్ని ఒక పని పూర్తయ్యేదాకా నిలబెట్టే అలవాటు లేదు. ఒక్క అధ్యయనమే కాబట్టి దాన్నే వేదంలా పట్టుకోమనను. అయినా ఎంగేజ్‌మెంట్, కాన్షియెన్షస్‌నెస్ రెండూ కలిస్తే ఏమవుతుందో విడిగా అడిగి చూసినవాళ్లు తక్కువ, అందుకే దీనికి విలువ ఇస్తాను.

డిపో పెద్దాయన

నాయనా, నేను ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ కంప్యూటర్ల సంగతి నాకు తెలీదు, పనితీరు లెక్కలు మాత్రం బాగా తెలుసు. మా దగ్గర డ్రైవర్‌కి కేఎంపీఎల్ చూస్తారు, లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు తిప్పాడని. కండక్టర్‌కి ఈపీకే, అంటే కిలోమీటరుకి ఎంత ఆదాయం తెచ్చాడని.

ఇప్పుడు చూడండి. ఒకే కండక్టర్, అదే మనిషి, అదే స్వభావం. పొద్దున ఎనిమిదికి కాలేజీలు, ఆఫీసులు ఉన్న రూటు వేస్తే ఈపీకే అదిరిపోతుంది. మధ్యాహ్నం పల్లెవెలుగు రూటు వేస్తే సగానికి పడిపోతుంది. డ్రైవర్ విషయమూ అంతే. ఘాట్ రోడ్డు, పాత బండి, గుంతలు ఉన్న రూటులో ఎంత నైపుణ్యం ఉన్నా కేఎంపీఎల్ రాదు. లెక్క తెలిసినవాళ్లు రూటుకి రూటుతోనే పోలుస్తారు, బండికి అదే రకం బండితోనే పోలుస్తారు. తెలియనివాళ్లు పేర్ల జాబితా పైనుంచి కిందికి దించి కింద ఉన్నవాణ్ణి పిలిచి తిడతారు. అలా తిట్లు తిన్న మంచి డ్రైవర్లను చూశాను. కొన్నాళ్లకు వాళ్లకీ మనసు విరిగిపోతుంది, అప్పుడు నిజంగానే లెక్క తగ్గుతుంది.

కాబట్టి ఆ అబ్బాయికి, ఆ అమ్మాయికి ఇచ్చిన పనులు ఒకే రకమా అని కూడా చూడు నాయనా. అతనికి రోజుకో కొత్త పని తోసి, ఆమెకు తెలిసిన మాడ్యూల్ ఒక్కటే ఇచ్చి ఉంటే ఇద్దర్నీ పోల్చడం ధర్మం కాదు.

మియాపూర్ టీమ్ లీడ్

పెద్దాయన గారూ, మీ ప్రశ్న సరిగ్గా తగిలింది. అతను మూడు ప్రాజెక్టుల మధ్య తిరుగుతున్నాడు. ‘నువ్వైతే అందరితో కలిసిపోతావు’ అని ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి పంపుతున్నారు. ఆమె రెండేళ్లుగా ఒకే మాడ్యూల్ మీద ఉంది. మూడింట్లో తిరిగేవాడికి ఏదీ పూర్తి కాకపోవడంలో నాదీ, మా మేనేజర్‌దీ వాటా ఎంతో చూడాలి.

పటాన్‌చెరు నైట్ షిఫ్ట్

ఫార్మా ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. మా దగ్గర ప్రతి అడుగూ ఎస్ఓపీ, అంటే ముందే రాసిపెట్టిన పని విధానం ప్రకారమే. రియాక్టర్‌లో ఏది ఎప్పుడు వేయాలి, టెంపరేచర్ ఎంత, ఎవరు సంతకం పెట్టాలి, అన్నీ బ్యాచ్ రికార్డులో రాసే ఉంటాయి. మా హెచ్ఆర్ కూడా పర్సనాలిటీ ట్రైనింగ్ అని పిలుస్తారు. ఆపరేటర్ కలుపుగోలుగా ఉంటే ఏంది, మౌనంగా ఉంటే ఏంది, వాల్వు టైమ్‌కి తిప్పాలి. మేష్టారు చెప్పిన 0.2 మా దగ్గర కూడా అంతే ఉంటుందా?

సైకాలజీ మేష్టారు

మంచి ప్రశ్న వేశారు. టిమోతీ జడ్జ్, సిండీ జపాటా 2015లో చేసిన విశ్లేషణ దీని గురించే. పని ఎంత బిగుతుగా నిర్దేశించి ఉంటే వ్యక్తిత్వం బయటపడే చోటు అంత తక్కువ. ఉద్యోగి తనే నిర్ణయాలు తీసుకునే, పని ఇలాగే చేయాలని ఎవరూ చెప్పని ఉద్యోగాల్లో స్వభావం ప్రభావం ఎక్కువగా కనిపించింది. అలాగే ఒక్కో గుణం తనకు తగిన పనిలోనే బయటికి వస్తుంది. నలుగురితో మాట్లాడాల్సిన పనిలో కలుపుగోలుతనం, కొత్త ఆలోచనలు కావాల్సిన పనిలో కొత్తదనం మీద ఆసక్తి.

అందుకే మీ ప్లాంటులో ఎస్ఓపీ చాలావరకు మనుషుల మధ్య తేడాను సరిచేసేస్తుంది. తేడా కనిపించేది ఎస్ఓపీలో లేనిది జరిగినప్పుడు. రాత్రి మూడింటికి గేజ్ కొంచెం తేడాగా చూపిస్తే ‘పోనీలే’ అనుకునేవాడు ఎవరు, లేచి వెళ్లి చూసేవాడు ఎవరు అన్నది మీకు నాకంటే బాగా తెలుసు.

పటాన్‌చెరు నైట్ షిఫ్ట్

తెలుసు సర్. లేచి చూసేవాళ్లు ఇద్దరే ఉన్నారు నా షిఫ్ట్‌లో. ఇద్దరికీ ఇప్పటిదాకా ‘ఎంప్లాయీ ఆఫ్ ద మంత్’ రాలేదు. ప్రమాదం జరగకుండా ఆపినవాడి పని ఎక్కడా రికార్డు కాదు, అదే బాధ.

హెడ్‌సెట్

విజయవాడలో కాల్ సెంటర్ ట్రైనర్‌ని. మా రంగంలో ఉన్న రెండు అధ్యయనాలు చెబుతాను, రెండూ అమెరికా సైకాలజిస్ట్ ఆడమ్ గ్రాంట్‌వే.

మాటకారులే అమ్మకాల్లో ముందుంటారని అందరూ అనుకుంటారు కదా. 2013లో ఆయన 340 మంది కాల్ సెంటర్ ఉద్యోగుల్ని చూస్తే ఎక్కువ ఆదాయం తెచ్చింది బాగా మాట్లాడేవాళ్లూ కాదు, అసలు మాట్లాడనివాళ్లూ కాదు. మధ్యలో ఉన్నవాళ్లు. వాళ్లు మాట్లాడతారు, వింటారు కూడా. నేను ట్రైనింగ్ ఇచ్చిన పిల్లల్లో ఇది రోజూ చూస్తాను. కస్టమర్ ‘వద్దు’ అన్నాక ఎందుకు వద్దో అడిగి ఆగగలిగినవాళ్లకే రెండో కాల్‌లో అమ్మకం అవుతుంది.

రెండోది అంతకుముందు, 2007లో. ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లో విరాళాలు అడిగే ఉద్యోగులు. వాళ్లలో కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థితో కొద్ది నిమిషాలు కలిసి మాట్లాడే అవకాశం ఇచ్చారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపిన సమయం 142 శాతం పెరిగింది, తెచ్చిన డబ్బు 171 శాతం పెరిగింది. ఎవరి వ్యక్తిత్వాన్నీ మార్చలేదు, జీతం పెంచలేదు, ఆటలు ఆడించలేదు. తమ పని ఎవరికి చేరుతుందో చూపించారు, అంతే. మా సెంటర్‌లో నెలకోసారి ఒక కస్టమర్‌తో మాట్లాడించమని ఎంతో కాలంగా అడుగుతున్నాను. బడ్జెట్ లేదంటారు. అదే వారం బెలూన్లకు బడ్జెట్ ఉంటుంది.

ఆరింటికి లాగౌట్

ఈ థ్రెడ్‌లో రాయకూడదు అనుకున్నాను, కానీ మీరంతా మాట్లాడుతున్న ఆ ‘మాట తక్కువ అమ్మాయి’ లాంటిదాన్నే నేను. వేరే కంపెనీ, వేరే ఊరు.

ఆరింటికి వెళ్లిపోయేది పని మీద ప్రేమ లేక కాదు. ఇంట్లో మా అత్తగారికి ఏడింటికి ఇన్సులిన్ ఇవ్వాలి, బాబుకి హోంవర్క్ చేయించాలి. అందుకే పొద్దున తొమ్మిది నుంచి ఆరు దాకా నా టైమ్‌లో ఒక్క నిమిషం వృథా పోనివ్వను. లంచ్‌లో కూడా కబుర్లకు కూర్చోను. దానికి ‘కలవదు’ అని పేరు పెట్టారు. రాత్రి ఎనిమిదింటికి మెయిల్ పంపితే అంకితభావం, మధ్యాహ్నం మూడింటికే పని ముగిస్తే ‘పని తక్కువుంది కాబోలు’.

సర్వేలో ‘ఇక్కడ నా అభిప్రాయానికి విలువ ఉంది’ అన్న ప్రశ్నకి ‘లేదు’ అని రాశాను. ఎందుకంటే నిజంగా లేదు. నేను చెప్పిన రిస్క్‌ని మీటింగ్‌లో ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత అదే జరిగింది. ఆ ‘లేదు’ నా గుణానికి సంబంధించినదని ఎలా అంటారు? అది ఆ మీటింగ్‌కి సంబంధించిన జవాబు. టీమ్ లీడ్ గారూ, దయచేసి ఆమెను ఒకసారి కూర్చోబెట్టి ఆ సర్వేలో ఏ ప్రశ్నకి తక్కువ పెట్టిందో ఎందుకు పెట్టిందో అడగండి. రేటింగ్ కోసం కాదని ముందే చెప్పి అడగండి.

వార్డు సిస్టర్

చెల్లీ, నీ పోస్టు చదివి మనసు భారమైంది. నేను కర్నూలులో స్టాఫ్ నర్సుని. మాకు ఇంకో రకం కష్టం. మేం మరీ ఎంగేజ్డ్. డ్యూటీ దిగాక కూడా పేషెంటు గురించే ఆలోచన, పక్క వార్డులో మనిషి లేకపోతే మేమే వెళ్తాం, డబుల్ డ్యూటీ అడిగితే కాదనలేం. దీని గురించి 2009లో హాల్బెస్లెబెన్ అనే ఆయనా, మరికొందరూ రాశారు. ఎంగేజ్‌మెంట్ ఎక్కువున్నవాళ్లు అదనపు పనులు నెత్తిన వేసుకుంటారు, ఆ పనులు ఇంటి జీవితంలోకి చొరబడతాయి. మంచి గుణం అని మెచ్చుకునేదానికి మూల్యం ఇంట్లో కడుతుంటాం.

ఆ పేపర్లోనే ఇంకొకటి ఉంది. క్రమపద్ధతి, బాధ్యత ఎక్కువున్నవాళ్లకు ఆ నష్టం తక్కువ. నేను చూసినదీ అదే. హ్యాండోవర్ పద్ధతిగా రాసి ఇచ్చే సిస్టర్లు ఇంటికి వెళ్లి నిద్రపోతారు. నువ్వు ఆరింటికి వెళ్లగలగడం నీ బలం. దాన్ని ఎవరూ లోపంగా చూపించనివ్వకు.

కోడ్ రివ్యూ

హెచ్ఆర్ మేడమ్, మీ 36 కంపెనీల లెక్క మీద ఒక సందేహం. ఎంగేజ్‌మెంట్ వల్ల లాభం వచ్చిందా, లాభాలు వస్తున్న బ్రాంచిలో హైక్‌లు బాగుండి జనం హ్యాపీగా ఉన్నారా? రెండూ కలిసి కనిపిస్తే ఏది ముందో ఎలా తెలుస్తుంది?

హెచ్ఆర్ డెస్క్ నుంచి

న్యాయమైన ప్రశ్న. 2003లో బెంజమిన్ ష్నైడర్ బృందం 35 కంపెనీలను ఎనిమిదేళ్లపాటు చూసి దాదాపు మీరన్న మాటే చెప్పింది. కంపెనీ ఆర్థిక ఫలితాల నుంచి ఉద్యోగుల సంతృప్తికి వెళ్లే దారి, అటు నుంచి ఇటు వచ్చే దారికన్నా బలంగా కనిపించింది. అయితే వాళ్లు కొలిచింది సంతృప్తి, ఎంగేజ్‌మెంట్ కాదు. ఒక్క మనిషి స్థాయిలో చూస్తే 2010లో 245 మంది ఫైర్‌మెన్‌ల మీద, వాళ్ల సూపర్‌వైజర్ల మార్కులతో చేసిన అధ్యయనం ఉంది. అక్కడ సంతృప్తిని, ఉద్యోగం పట్ల ఉన్న మమకారాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఎంగేజ్‌మెంట్‌కి పనితీరుతో సంబంధం నిలిచింది. అందుకే నేను ఈ మాట వదలను. మనసు పెట్టడం పనిని మారుస్తుంది. దాన్ని బెలూన్లతో కొలవడమే తప్పు.

సైకాలజీ మేష్టారు

అసలు రేటింగ్‌ని ఎంత నమ్మొచ్చో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పి తీరాలి. మనం ఇంతసేపూ ‘పనితీరు’ అంటున్నది చాలా అధ్యయనాల్లో పైఅధికారి వేసిన మార్కే. 2000లో స్కల్లెన్, మౌంట్, గాఫ్ రేటింగ్‌ల్లోని తేడాలకు కారణాలు విడదీసి చూశారు. సగానికి పైగా తేడా, మార్కులు ఎవరికి వేశారన్న దానివల్ల కాదు, ఎవరు వేశారన్న దానివల్ల వచ్చింది. అంటే ఒక్కో బాస్‌కి ఒక్కో చేయి. ఒకరు అందరికీ ధారాళంగా వేస్తారు, ఒకరు పిసినారి, ఇంకొకరు తమలా మాట్లాడేవాళ్లకు ఎక్కువ వేస్తారు.

టీమ్ లీడ్ గారూ, అందుకే మీ ఇద్దరి మీద మీ అభిప్రాయాన్ని మాత్రమే రాయకండి. మొదటిసారే పాసైన పనులు ఎన్ని, వెనక్కి వచ్చినవి ఎన్ని, ప్రొడక్షన్ సమస్యలు ఎవరు ఎంతసేపట్లో సరిచేశారు, కొత్తవాళ్లకు ఎవరు నేర్పారు, ఇవి పక్కపక్కన పెట్టండి. పెద్దాయన గారి రూటు మాట కూడా మర్చిపోకండి: ఎవరికి ఎన్ని ప్రాజెక్టులు ఉన్నాయో రాయండి. కొత్తవాళ్లకు నేర్పే కాలమ్‌లో మీ అబ్బాయికి నిజంగానే మంచి మార్కు రావొచ్చు, అది కూడా పనే.

మియాపూర్ టీమ్ లీడ్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక్క ప్రశ్న మిగిలింది. అబ్బాయికి కాన్షియెన్షస్‌నెస్ తక్కువ అనుకుందాం. స్వభావం మారదని మేష్టారు అన్నారు. మరి అతన్ని ఏం చేయాలి? నాకు అతనంటే ఇష్టమే, వదులుకోవాలని లేదు.

సైకాలజీ మేష్టారు

పెద్దగా మారదన్నాను, అసలు మారదనలేదు. అయినా స్వభావం మారేదాకా మీరు ఆగనక్కర్లేదు, అలవాటుతో పని జరుగుతుంది. గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ చెప్పిన చిన్న పద్ధతి ఒకటి ఉంది. ‘టెస్టులు రాస్తాను’ అని కాకుండా ‘కోడ్ పూర్తయిన వెంటనే, మెర్జ్ బటన్ నొక్కేముందు, ఈ మూడు టెస్టులు నడుపుతాను’ అని ఎప్పుడు, ఎక్కడ, ఏమిటో ముందే కట్టుకోవడం. 2006లో ఇలాంటి 94 పరీక్షలు కలిపి చూస్తే అనుకున్నది పూర్తిచేయడంలో స్పష్టమైన మెరుగు కనిపించింది. మొదలుపెట్టినవి సగంలో వదిలేసేవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. మూడు ప్రాజెక్టుల బదులు అతనికి ఒక్కటే ఇవ్వండి. వారానికి ఒకసారి ‘ఏం మొదలుపెట్టావు’ అని అడగకుండా ‘ఏం ముగించావు’ అని అడగండి.

ఉట్రెక్ట్ నుంచి

ఆమె విషయంలో కూడా ఒకటి. 2001లో డెమెరూటీ, బాకర్ తదితరులు ఇచ్చిన నమూనా ప్రకారం, మనిషికి పని భారం ఒక పక్క, దాన్ని మోయడానికి దొరికే వనరులు ఒక పక్క. స్వేచ్ఛ, పైవాళ్ల మద్దతు, నేర్చుకునే అవకాశం, ఫీడ్‌బ్యాక్, ఇవన్నీ వనరులే. ప్రొడక్షన్ ఆగితే అందరూ ఆమెకే ఫోన్ చేస్తారని రాశారు. అది భారం. ఆమెకు బదులుగా దొరుకుతున్నది ఏమిటి? రెండేళ్లుగా అదే మాడ్యూల్ అంటే నేర్చుకునేది కూడా ఆగిపోయిందేమో. ఆన్‌కాల్ డ్యూటీ వంతులవారీగా పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది ఈ ప్రశ్న అడగడానికి ఆమె మీ టీమ్‌లో ఉండకపోవచ్చు.

మియాపూర్ టీమ్ లీడ్

రేటింగ్ మీటింగ్ అయిపోయింది, సంగతులు చెబుతాను. లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె రేటింగ్ నేను అడిగినట్టే వచ్చింది. ప్రమోషన్ మాత్రం ‘విజిబిలిటీ తక్కువ’ అని వచ్చే సైకిల్‌కి తోశారు. దాని మీద లిఖితపూర్వకంగా అభ్యంతరం పెట్టాను. అబ్బాయిని ఒకే ప్రాజెక్టులో ఉంచడానికి ఒప్పుకున్నారు, కొత్తవాళ్ల ట్రైనింగ్ అధికారికంగా అతనికి ఇచ్చాం. ఆన్‌కాల్ ఈ నెల నుంచి నలుగురికి వంతులు వేశాను. పర్సనాలిటీ కాలమ్ షీట్‌లో ఇంకా ఉంది.

ఆమెతో మాట్లాడాను కూడా. తక్కువ పెట్టింది రెండే ప్రశ్నలకి. ఒకటి, ‘గత ఆరు నెలల్లో నా ఎదుగుదల గురించి ఎవరైనా మాట్లాడారా’. ఇంకొకటి, ‘మంచి పని చేసినందుకు ఈ వారం ఎవరైనా మెచ్చుకున్నారా’. రెండింటికీ జవాబు చెప్పాల్సింది నేనే.

హెచ్ఆర్ డెస్క్ నుంచి

ఆ పర్సనాలిటీ కాలమ్ తీసేయించడానికి మీ హెచ్ఆర్‌కి రాసేటప్పుడు మూడు అడగండి: ఈ టెస్ట్ మన ఉద్యోగాల పనితీరును చెప్పగలదని ఆధారం ఏది, ఉద్యోగికి తన ఫలితం చూసే హక్కు ఉందా, సర్వే పేర్లు మేనేజర్లకు ఇస్తామని ముందుగా చెప్పారా. మూడోదానికి ‘లేదు’ అని జవాబు వస్తే అక్కడే గట్టిగా నిలబడండి. చిన్న టీమ్‌లో పేరు తీసేసినా ఎవరేం రాశారో తెలిసిపోతుంది, కాబట్టి కొద్దిమందే ఉన్న టీమ్‌కి విడిగా రిపోర్ట్ ఇవ్వొద్దని కూడా అడగండి. ఉత్తరం డ్రాఫ్ట్ చేసి ఇక్కడ పెడితే నేను చూసి సరిచేస్తాను.